పొగ, ఆవిరి, చుక్కలు, తినే రకం: గంజాయి ఏ దారిన వెళ్తే ఏమవుతుంది

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: కొన్నేళ్లుగా గంజాయిని పొగాకుతో కలిపి చుట్టి పీలుస్తున్నారు. పొద్దున లేవగానే కఫంతో దగ్గు వస్తోంది. అందుకే వేపరైజర్‌కో (కాల్చకుండా ఆవిరి పట్టే పరికరం), తినే రకానికో, నాలుక కింద వేసుకునే చుక్కలకో మారదామనుకుంటున్నారు. ఒక జాయింట్‌కి సమానంగా ఎన్ని మిల్లీగ్రాములు తినాలి, వీటిలో ఒంటికి తక్కువ చేటు చేసేది ఏది?

రెండో ప్రశ్నకి జవాబు చెప్పొచ్చు. మొదటిదానికి జవాబు లేదు. ఎవరైనా ఒక అంకె చెప్తే నమ్మకండి. ఒక దారి నుంచి ఇంకో దారికి మార్చుకునే లెక్క ఏదీ లేదు, ఎందుకంటే దారి మారితే మోతాదు ఒక్కటే కాదు, గడియారమే మారిపోతుంది. తీసుకున్న క్షణానికీ, అది ఎంత పనిచేస్తోందో మీకు తెలిసే క్షణానికీ మధ్య ఎంత ఎడం ఉందన్నదే అసలు తేడా. పొగలో ఆ ఎడం నిమిషాల్లో ఉంటుంది, తినే రకంలో గంటల్లో. ఆసుపత్రి దాకా వెళ్లే కేసులు చాలావరకు ఒక దారి గడియారం చూసుకుంటూ ఇంకో దారిలో నడిచినవే.

ఇంకో సంగతి మొదటే చెప్పాలి. చాలా దేశాల్లో గంజాయి దగ్గర ఉంచుకోవడమే నేరం. అనుమతి ఉన్నచోట కూడా పువ్వుకి ఒక నియమం, తినేవాటికి ఒకటి, గాఢ సారాలకి ఇంకొకటి ఉండొచ్చు. పువ్వు కొనుక్కోవచ్చు గనక దాన్నుంచి తీసిన నూనె కూడా పర్లేదనుకుంటే పొరపాటు.

పచ్చి మొక్కలో మత్తు కలిగించే టీహెచ్‌సీ దాదాపుగా ఉండదు. ఉండేది దాని ఆమ్ల రూపం, టీహెచ్‌సీఏ. వేడి తగిలితే అందులోంచి కార్బన్ డయాక్సైడ్ విడిపోయి టీహెచ్‌సీ మిగులుతుంది. బరువు కూడా ఆ మేరకు తగ్గుతుంది, అందుకే లెక్కల్లో 0.877తో గుణిస్తారు. ఒక గ్రాము పువ్వు మీద 15 శాతం టీహెచ్‌సీఏ అని రాసి ఉంటే 150 మిల్లీగ్రాముల ఆమ్లం, అంటే గరిష్ఠంగా 131 మిల్లీగ్రాముల టీహెచ్‌సీ. కాల్చినా, ఆవిరి పట్టినా ఆ వేడికే ఈ మార్పు జరిగిపోతుంది. పచ్చి ఆకు నమిలితే మత్తు ఎందుకు ఎక్కదో ఇప్పుడు అర్థమవుతుంది. ఈ 131 అంకెని గుర్తుంచుకోండి, తినే రకం దగ్గర మళ్లీ పనికొస్తుంది.

పొగ

పొగలోని టీహెచ్‌సీ ఊపిరితిత్తుల్లోంచి నేరుగా రక్తంలోకి, అక్కణ్నించి క్షణాల్లో మెదడుకి చేరుతుంది. రక్తంలో దాని స్థాయి 3 నుంచి 10 నిమిషాల్లో శిఖరానికి చేరి, వెంటనే దిగడం మొదలవుతుంది. మత్తు మాత్రం పావుగంట, అరగంట దగ్గర గరిష్ఠంగా ఉండి, 2 నుంచి 4 గంటల్లో తగ్గుతుంది. పొగకి ఉన్న ఒకే ఒక్క సౌలభ్యం ఇదే. ఒక దమ్ము పీల్చి పది నిమిషాలు ఆగితే ఎక్కడున్నారో తెలిసిపోతుంది, అక్కడ ఆపేయొచ్చు. కొన్నేళ్లుగా మీరు మోతాదు కొలిచి తీసుకోవడం లేదు, ఒంటికి తెలిసినచోట ఆపేస్తున్నారు, అంతే. జాయింట్‌కి ఇన్ని మిల్లీగ్రాములని చెప్పలేకపోవడానికి ఇది మొదటి కారణం. రెండో కారణం నష్టం. కాలే కొన దగ్గర కొంత టీహెచ్‌సీ విరిగిపోతుంది, దమ్ముకీ దమ్ముకీ మధ్య కొంత గాల్లో కలుస్తుంది. చుట్టిన దాంట్లో ఉన్నదాంట్లో రక్తానికి చేరేది సుమారు 10 నుంచి 35 శాతం. ఎంత లోతుగా పీలుస్తారన్నదాన్ని బట్టి ఇది మనిషి మనిషికీ మారుతుంది.

చేటు విషయానికొస్తే, ఏ ఆకు కాల్చినా పొగ పొగే. టార్, కార్బన్ మోనాక్సైడ్, అమ్మోనియా, క్యాన్సర్ కారక హైడ్రోకార్బన్లు పొగాకు పొగలో ఉన్నట్టే ఇందులోనూ ఉంటాయి. రోజూ పీల్చేవాళ్లలో దగ్గు, కఫం, పిల్లికూతలు కనిపించడం బాగా తెలిసిన విషయమే. మీ పొద్దుటి దగ్గు ఆ కోవలోదే కావచ్చు. దానికి తోడు మీరు పొగాకు కలుపుతున్నారు. అలా చేస్తే మీ ఒళ్లు నికోటిన్‌కి అలవాటు పడుతుంది, కానీ మీకు అది గంజాయి మీది కోరికలా అనిపిస్తుంది. రోజులో మూడు నాలుగు సార్లు చేయి అటు వెళ్తోందంటే, అందులో సగం పిలుపు పొగాకుది అయ్యుండొచ్చు. మారేటప్పుడు ఈ సంగతి లెక్కలోకి తీసుకోకపోతే ఏ వేపరైజర్ కొన్నా వారంలో మూలన పడుతుంది.

పొగని లోపల బిగపట్టడం పాత అలవాటు. దానివల్ల లాభం దాదాపు లేదు. టీహెచ్‌సీ మొదటి కొన్ని సెకన్లలోనే రక్తంలో కలిసిపోతుంది. మిగతా సమయమంతా ఊపిరితిత్తుల గోడలకి టార్ పట్టించడానికీ, రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ పెంచడానికే సరిపోతుంది. అప్పుడు తల తిరగడాన్ని మత్తు అనుకుంటారు గానీ, చాలావరకు అది ఆక్సిజన్ తగ్గడమే. నీళ్ల గొట్టం పొగని చల్లబరుస్తుంది, గొంతు మంట తగ్గుతుంది. కానీ నీళ్లు టార్‌తో పాటు కొంత టీహెచ్‌సీని కూడా పట్టేస్తాయి, ఆ లోటు పూడ్చుకోవడానికి ఇంకా పీలుస్తారు. గొంతుకి హాయిగా ఉందంటే ఊపిరితిత్తులకీ హాయే అనుకోవద్దు.

ఆవిరి

ఎండు పువ్వుని కాల్చకుండా, అందులోని పదార్థాలు ఆవిరయ్యేంత మాత్రమే వేడి చేసేది డ్రై హెర్బ్ వేపరైజర్. కాలే కొన దగ్గర వేడి 600 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. వేపరైజర్ 170 నుంచి 210 డిగ్రీల మధ్య పనిచేస్తుంది. మంట లేదు గనక కార్బన్ మోనాక్సైడ్, టార్ బాగా తగ్గుతాయి. పొగ నుంచి ఆవిరికి మారినవాళ్లలో దగ్గు, కఫం తగ్గినట్టు కనిపిస్తుంది. ఊపిరితిత్తులకి అసలు చేటు లేదని మాత్రం అనలేం. వేడి ఆవిరి కూడా చిరాకు పెడుతుంది. ఏళ్ల తరబడి వాడితే ఏమవుతుందన్న పరిశీలనలు పొగకి ఉన్నన్ని దీనికి లేవు.

వాడే తీరు. పువ్వుని దంచి పొడి చేయొద్దు, ముతకగా నలిపితే చాలు. పొడి అయితే జాలీలో ఇరుక్కుంటుంది, గాలి ఆడదు. గిన్నెని కూరినట్టు కాకుండా వదులుగా నింపండి. 180 దగ్గర మొదలుపెట్టి, ఆవిరి పలచబడ్డాక 190, 200కి పెంచండి. జాయింట్‌లా గట్టిగా లాగితే గిన్నె చల్లబడి ఆవిరి రాదు. స్ట్రాతో గోరువెచ్చని పానీయం తాగుతున్నట్టు నెమ్మదిగా, ఏడెనిమిది సెకన్లు లాగాలి. పొగలాగా దట్టంగా కనిపించదు. అదే చాలామందిని మోసం చేస్తుంది, ఏమీ రావట్లేదనుకుని వేడి పెంచేస్తారు. 230 దాటితే పువ్వు మాడడం మొదలవుతుంది, అప్పుడు వేపరైజర్ కొన్న ప్రయోజనమే పోతుంది. అయ్యాక గిన్నె బోర్లించి చూడండి. మిగిలినది అంతటా ఒకే కాఫీపొడి రంగులో ఉంటే సరిగ్గా పనిచేసినట్టు. అంచుల్లో నల్లగా, మధ్యలో పచ్చగా ఉంటే గోడలు మాత్రమే వేడెక్కుతున్నాయి. మధ్యలో ఒకసారి కలపాలి, లేదా వేడి గాలి పువ్వులోంచి పారే రకం పరికరం చూసుకోవాలి. ఎక్కడైనా బూడిద కనిపిస్తే అది పొగే, వేపరైజర్ అని పేరు పెట్టుకున్నా.

మారేవాళ్లు చేసే పెద్ద పొరపాటు, పాత కొలతే వేయడం. ఆవిరిలో మంటకి పోయే నష్టం తక్కువ గనక అదే పువ్వు ఎక్కువ పనిచేస్తుంది. జాన్స్ హాప్‌కిన్స్ పరిశోధకులు 2018లో ప్రచురించిన ప్రయోగంలో, అరుదుగా వాడే 17 మందికి 25 మిల్లీగ్రాముల టీహెచ్‌సీ ఉన్న పువ్వుని ఒకసారి పొగగా, ఒకసారి ఆవిరిగా ఇచ్చారు. ఆవిరిగా ఇచ్చినప్పుడు రక్తంలో స్థాయి, మత్తు, పనుల్లో తడబాటు అన్నీ ఎక్కువగానే కనిపించాయి. కాబట్టి జాయింట్‌లో వేసే దాంట్లో సగంతో మొదలుపెట్టండి.

గంజాయి నూనె నింపిన కార్ట్రిడ్జ్‌తో ఆవిరి పట్టే పెన్నులు వేరే సంగతి. వాటినీ దీన్నీ ఒకే గాటన కట్టొద్దు. 2019లో అమెరికాలో ఊపిరితిత్తుల జబ్బు ఒకటి ఒక్కసారిగా బయటపడింది. 2020 ఫిబ్రవరి 18 నాటికి ఆసుపత్రిలో చేరినవి, మరణాలు కలిపి 2,807 కేసులు నమోదయ్యాయి, అందులో 68 మంది చనిపోయారు. ప్రధాన కారణంగా తేలింది విటమిన్ ఈ అసిటేట్. నూనె చిక్కగా కనిపించాలని అక్రమంగా అమ్మే కార్ట్రిడ్జుల్లో కలిపిన పదార్థం అది. ఒంటికి రాసుకుంటే, మింగితే హాని లేనిది, ఊపిరితిత్తుల్లోకి ఆవిరిగా వెళ్తే ప్రాణం మీదికి తెచ్చింది. కల్తీ పువ్వుని కొంతవరకు కంటితో, ముక్కుతో పట్టుకోవచ్చు. కార్ట్రిడ్జ్‌లో బంగారు రంగు ద్రవం తప్ప మీకేమీ కనిపించదు. అందులో కృత్రిమ కానబినాయిడ్లు (టీహెచ్‌సీని అనుకరించే రసాయనాలు) ఉన్నా, వేడి చేసే కాయిల్ నుంచి సీసం, నికెల్ దిగినా తెలియదు. ప్రయోగశాల నివేదిక లేని కార్ట్రిడ్జ్ జోలికి పోవద్దు.

గాఢ సారాల గురించి (మైనం, షాటర్, రోజిన్, పేరు ఏదైనా) రెండు మాటలు చాలు. పువ్వులో 15, 20 శాతం ఉంటే వీటిలో 60 నుంచి 90 దాకా ఉంటుంది. బియ్యపు గింజంత ముక్క, 0.05 గ్రాములు అనుకుందాం, 80 శాతం అయితే 40 మిల్లీగ్రాములు. అది ఒక్క ఊపిరిలో లోపలికి వెళ్తుంది. మధ్యలో ఆగి చూసుకునే వీలు, అంటే పొగకున్న ఒకే ఒక్క మంచిగుణం, ఇక్కడ పోతుంది. ఎర్రగా కాల్చిన ‘నెయిల్’ (సారాన్ని ఆవిరి చేసే చిన్న గిన్నె) మీద వేస్తే బెంజీన్ లాంటివి కూడా పుడతాయి. అలవాటు, సహనశక్తి వేగంగా పెరిగేదీ వీటితోనే. బ్యూటేన్‌తో ఇంట్లో సారం తీయడం గురించి అయితే అసలు ఆలోచించకండి. ఆ వాయువు గాలికంటే బరువు, నేల మీద పరుచుకుని పక్కగదిలో ఫ్రిజ్ నిప్పురవ్వకే అంటుకుంటుంది. దగ్గు తగ్గించుకుందామని వచ్చినవాళ్లకి ఈ దారి ఏ రకంగానూ పనికిరాదు.

తినే రకం

మింగిన టీహెచ్‌సీ పేగుల నుంచి ముందు కాలేయానికి వెళ్తుంది. కాలేయం దాంట్లో ఎక్కువ భాగాన్ని అక్కడికక్కడే విరిచేస్తుంది. రక్తానికి చేరేది 4 నుంచి 12 శాతం మాత్రమే. అయితే విరిచే క్రమంలో 11-హైడ్రాక్సీ-టీహెచ్‌సీ అనేది పుడుతుంది. అది కూడా మత్తు కలిగించేదే, మెదడులోకి తేలిగ్గా చొరబడేది. పొగలో ఇది చాలా కొద్దిగా తయారవుతుంది, తిన్నప్పుడు దండిగా. అందుకే తినే రకం మత్తు పొగ మత్తుకి పెద్దన్న కాదు, వేరే జాతి. ఒంటికి బరువుగా, మెదడుకి ఎక్కువసేపు అంటుకుని ఉంటుంది. జాయింట్‌కీ మిల్లీగ్రాములకీ లంకె ఎందుకు కుదరదో చెప్పే మూడో కారణం, అన్నిటికన్నా గట్టిది, ఇదే.

ఎక్కడం 30 నుంచి 90 నిమిషాల్లో మొదలవుతుంది, కొందరికి 2 గంటలు కూడా పడుతుంది. శిఖరం 2 నుంచి 4 గంటల మధ్య. దిగడానికి 6 నుంచి 8 గంటలు, మోతాదు ఎక్కువైతే 12 దాకా. ఇందులో ప్రమాదం జరిగే చోటు ఒక్కటే, దాదాపు ఎప్పుడూ అదే. సాయంత్రం 7కి 10 మిల్లీగ్రాముల ముక్క తింటారు. 7:45కి ఏమీ లేదు. పొగ అలవాటున్న మనిషికి ముప్పావుగంట ఏమీ కాలేదంటే సరుకు పనిచేయలేదనే అర్థం. ఇంకో ముక్క వేసుకుంటారు. 8:15కి మొదటిది ఎక్కడం మొదలవుతుంది, హాయిగానే ఉంటుంది. 9:30కి మొదటిది శిఖరంలో ఉండగా రెండోది దాని భుజం మీదికి ఎక్కుతుంది. అక్కణ్నించి గుండె దడ, వాంతులు, చచ్చిపోతున్నానేమో అన్న భయం. తిన్నది ఇక బయటికి రాదు, పొగలాగా ఆపేయడానికి అందులో ఆపేదేమీ లేదు. అర్ధరాత్రి దాకా భరించడమే. ఈ మొత్తంలో మోతాదు కంటే పెద్ద తప్పు 7:45.

కాబట్టి మొదటిసారి 2.5 మిల్లీగ్రాములు. పొగ ఎంత అలవాటున్నా అంతే. సగటు మీద చూస్తే పొగ అలవాటున్నవాళ్లకి కొంత సహనశక్తి ఉంటుంది గానీ, కాలేయం పనితీరు ఒక్కో మనిషికి ఒక్కోలా ఉంటుంది. టీహెచ్‌సీని విరిచే ఎంజైముల్లో ఒకటి కొందరిలో పుట్టుకతోనే మందకొడిగా పనిచేస్తుంది. వాళ్లకి అదే ముక్క రెండు మూడు రెట్లు ఎక్కినట్టు ఉంటుంది. ఆ రోజు ఇంకేమీ తీసుకోవద్దు. ఏమీ తెలియకపోతే మర్నాడో, ఆ తర్వాతో 5 మిల్లీగ్రాములు. పరిశోధనల్లో పోల్చి చూసుకునేందుకు వీలుగా అమెరికా మాదకద్రవ్య పరిశోధన సంస్థ 2021లో నిర్ణయించిన ప్రామాణిక యూనిట్ కూడా 5 మిల్లీగ్రాములే. కెనడాలో ఒక పొట్లంలో మొత్తం కలిపి 10 మిల్లీగ్రాములు మించకూడదు. ఇంకొన్ని చోట్ల ఒక్క ముక్కలోనే 10 ఉంటుంది, పొట్లంలో 100. లేబుల్ చదివేటప్పుడు ఆ అంకె ముక్కకా, పొట్లానికా అన్నది ముందు చూడండి.

కడుపు నిండుగా ఉందా ఖాళీగా ఉందా అన్నది కూడా ఆట మార్చేస్తుంది. టీహెచ్‌సీ కొవ్వులో కరుగుతుంది. కొవ్వున్న భోజనం తర్వాత తీసుకుంటే ఆలస్యంగా ఎక్కుతుంది, కానీ రక్తంలో కలిసే మొత్తం రెట్టింపు దాటొచ్చు. ఖాళీ కడుపున త్వరగా, కొంచెం కరుకుగా ఎక్కుతుంది. ఏదో ఒకటి ఎంచుకుని ప్రతిసారీ అదే పాటించండి. లేకపోతే ఈ వారం పనిచేసిన 5 వచ్చే వారం ఎందుకు మీద పడిందో అంతుపట్టదు.

ఇంట్లో చేసినవాటి సంగతి. ఇందాకటి 131 మిల్లీగ్రాములు గుర్తున్నాయా? ఒక గ్రాము పువ్వు వెన్నలో వేసి, అందులోంచి 16 ముక్కల కేకు చేశారనుకుందాం. ఏమీ పోకపోతే ముక్కకి 8 మిల్లీగ్రాములు. కాగితం మీద బాగానే ఉంది. అసలు జరిగేది వేరు. వేడి సరిపోక ఆమ్లం పూర్తిగా మారకపోవచ్చు, ఎక్కువై టీహెచ్‌సీ విరిగిపోవచ్చు. వెన్నలోకి ఎంత దిగిందో తెలియదు. ఆ వెన్న పిండిలో సమంగా కలవదు, ఒక మూల గడ్డకట్టి ఉంటుంది. ఒక ముక్కలో 2, పక్క ముక్కలో 20 ఉన్నా ఆశ్చర్యం లేదు. పైగా పువ్వు మీద ఉన్న 15 శాతమే నిజమో కాదో. రుచి చూసి, రంగు చూసి దీన్ని పట్టుకునే మార్గం లేదు. కొలిచి తయారుచేసిన, పరీక్షించిన సరుకు దొరకని చోట తినే రకం అన్నిటికంటే అంచనాకి అందని దారి. ఊపిరితిత్తులకి మంచిదే అయినా సరే.

నాలుక కింద చుక్కలు

సిద్ధాంతం చక్కగా ఉంటుంది. నోటి లోపలి పొరలోంచి నేరుగా రక్తంలోకి వెళ్తుంది, కాలేయాన్ని తప్పించుకుంటుంది, 15 నుంచి 45 నిమిషాల్లో ఎక్కుతుంది. ఆచరణలో సగం మాత్రమే నిజం. నూనె చుక్కలు నాలుక కింద కాసేపు ఉండి, లాలాజలంతో కలిసి గొంతులోకి జారిపోతాయి. జారినదంతా తినే రకమే అవుతుంది, తినే రకం గడియారమే దానికీ వర్తిస్తుంది. అందుకే చుక్కలకి రెండు మెట్లు ఉంటాయి. మొదటిది చిన్నది, అరగంటకి. రెండోది గంటన్నర, రెండు గంటలకి. మొదటి మెట్టు చూసి సరిపోలేదనుకుని ఇంకాస్త వేసుకునేవాళ్లు రెండో మెట్టు మీద జారిపడతారు. వైద్యంలో నోటి స్ప్రేగా వాడే నాబిక్సిమాల్స్‌లో ఒక్కో పిచికారీకి 2.7 మిల్లీగ్రాముల టీహెచ్‌సీ, 2.5 మిల్లీగ్రాముల సీబీడీ (గంజాయిలోనే ఉండే, మత్తు ఇవ్వని మరో పదార్థం) ఉంటాయి. డాక్టర్లు దాన్ని కూడా రోజులు తీసుకుని నెమ్మదిగా పెంచుతారు.

చుక్కల గొప్పతనం వేగంలో లేదు, కొలతలో ఉంది. 30 మిల్లీలీటర్ల సీసా మీద 300 మిల్లీగ్రాములని ఉంటే మిల్లీలీటరుకి 10. పావు మిల్లీలీటరు అంటే 2.5. చుక్కలు లెక్కపెట్టొద్దు, నూనె చిక్కదనాన్ని బట్టి, గొట్టం మూతిని బట్టి చుక్క పరిమాణం మారుతుంది. గీతలున్న 1 మిల్లీలీటరు సిరంజి (సూది లేనిది) వాడండి. నాలుక కింద వేసుకుని 60 నుంచి 90 సెకన్లు మింగకుండా ఉంచండి. వాడే ముందు సీసా బాగా ఊపండి, అడుగున చేరిన సరుకు చివరి చుక్కల్లో ఒక్కసారిగా వచ్చి పడుతుంది.

ఒంటికి రాసే పూతలు చర్మం దాటి రక్తంలోకి పెద్దగా వెళ్లవు, మత్తు ఇవ్వవు. చర్మం ద్వారా రక్తంలోకి పంపేలా తయారుచేసిన ప్యాచ్‌లు వేరే, అవి గంటల తరబడి కొద్దికొద్దిగా వదులుతాయి. మీ ప్రశ్నకి రెండూ జవాబు కావు.

ఎక్కువైతే

పెద్దవాళ్లలో మోతాదు మించితే భయం, గుండె దడ, వాంతులు, లేచి నిలబడగానే కళ్లు తిరిగి పడిపోవడం కనిపిస్తాయి. కూర్చోబెట్టడమో పక్కకి తిప్పి పడుకోబెట్టడమో చేసి, వెలుతురు, గోల తగ్గించి, నీళ్లు గుటక గుటకగా ఇచ్చి, ఒకరు పక్కన ఉండాలి. మద్యం మాత్రం ఇవ్వొద్దు. అది టీహెచ్‌సీ స్థాయిని ఇంకా పెంచుతుంది. సీబీడీ వేసుకుంటే మత్తు దిగుతుందన్న మాట చాలాచోట్ల వినిపిస్తుంది. 2023లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో 20 మిల్లీగ్రాముల టీహెచ్‌సీతో పాటు 640 మిల్లీగ్రాముల సీబీడీ నోటిద్వారా ఇస్తే మత్తు తగ్గలేదు సరికదా పెరిగింది. టీహెచ్‌సీని విరిచే ఎంజైములని సీబీడీ అడ్డుకోవడమే కారణం. ఛాతీలో నొప్పి, లేపినా లేవకపోవడం, మూర్ఛ, ఆగని వాంతులు, లేనివి కనబడుతున్నాయని గోల చేయడం, వీటిలో ఏది ఉన్నా ఆసుపత్రికే. ఏం తీసుకున్నారో దాచకుండా చెప్పండి, పొట్లం ఉంటే తీసుకెళ్లండి.

పసిపిల్లలు తింటే ఆగి చూడొద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. వాళ్లలో మగత ముదిరి ఊపిరి మందగించే స్థితి రావచ్చు. చాక్లెట్‌లా, జెల్లీలా కనిపించే ప్రతిదీ తాళం వేసిన డబ్బాలో, మామూలు తిండికి దూరంగా ఉండాలి.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, గుండె జబ్బున్నవాళ్లు, తమకో దగ్గరి బంధువులకో స్కిజోఫ్రెనియా లాంటిది ఉన్నవాళ్లు, ఇంకా మెదడు ఎదుగుతున్న వయసువాళ్లు ఏ దారిలోనూ తీసుకోకూడదు. వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా వాడే మందు), మూర్ఛ మందులు వాడుతుంటే ముందు డాక్టరుకి చెప్పాలి. ముఖ్యంగా సీబీడీ వాటి స్థాయిని పెంచేస్తుంది. ఏళ్ల తరబడి దాదాపు రోజూ వాడేవాళ్లలో కొందరికి ఆగకుండా వాంతులు వచ్చే జబ్బు ఒకటి ఉంది. వేడినీళ్ల స్నానం చేస్తుంటేనే కాస్త ఉపశమనంగా ఉంటుంది, అదే దాని గుర్తు. దారి మార్చినా అది పోదు, పూర్తిగా మానేస్తేనే పోతుంది.

బండి నడిపే సంగతిలోనూ గడియారం మారుతుంది. కెనడాలో రూపొందించిన తక్కువ హాని మార్గదర్శకాలు పీల్చాక 6 నుంచి 8 గంటలు, తిన్నాక 8 నుంచి 12 గంటలు ఆగమంటాయి. రాత్రి పదింటికి తిన్న ముక్క పొద్దున్నే స్టీరింగ్ దగ్గర కూడా మీతో ఉండొచ్చు. మూత్ర పరీక్షకి మాత్రం దారులన్నీ ఒకటే. రోజూ వాడేవాళ్లలో ఆపిన వారాల తర్వాత కూడా బయటపడుతుంది.

మీరు మారాలనుకుంటే

పూర్తిగా మానడమే దగ్గుకి అన్నిటికన్నా మంచి మందు. అది ఇప్పట్లో కాదనుకుంటే మొదటి మెట్టు పొగాకు కలపడం ఆపడం. తర్వాత డ్రై హెర్బ్ వేపరైజర్. గడియారం మీకు తెలిసినదే గనక మోతాదు తప్పే అవకాశం తక్కువ. తినే రకం రెండో ఎంపిక, అది కూడా కొలిచిన, పరీక్షించిన సరుకు చట్టబద్ధంగా దొరికే చోటైతేనే. ఒకే రోజు రెండు దారులు కలపొద్దు. ముక్క తిని, ఎక్కేలోపు ఊరుకోలేక రెండు దమ్ములు లాగడం 7:45 తప్పుకి తోబుట్టువే. మారే ముందు రెండు మూడు వారాలు ఆపగలిగితే ఇంకా మంచిది. టీహెచ్‌సీ పనిచేసే మెదడులోని గ్రాహకాలు నాలుగు వారాల్లోపు చాలావరకు కోలుకుంటాయి, తక్కువ మోతాదే సరిపోతుంది. ఆ మొదటి వారంలో నిద్ర పట్టకపోవడం, చిరాకు, ఆకలి తగ్గడం మామూలే. కానీ విరామం తర్వాత పాత మోతాదుకి తిరిగి వెళ్లొద్దు.

పొగ ఆపాక దగ్గు మర్నాడే పోదు. మొదటి వారాల్లో కఫం ఇంకా ఎక్కువగా కూడా పడొచ్చు. రెండు నెలలైనా తగ్గకపోయినా, ఈలోపే కఫంలో రక్తం, ఆయాసం, కారణం లేకుండా బరువు తగ్గడం, రాత్రి చెమటలు కనిపించినా ఛాతీ ఎక్స్‌రే, కఫ పరీక్ష చేయించుకోండి. ఎన్నేళ్లుగా, రోజుకి ఎన్ని, పొగాకు కలిపా కలపకుండానా అన్నవి డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి.